అండమాన్‌ దీవులకు తీగ ఒక్కటే: ఇంటి ఇంటర్నెట్‌ ఆగితే సెల్‌ఫోన్‌ డేటాకూ గండమే

శ్రీవిజయపురం: ఇంటికి వచ్చే ఇంటర్నెట్‌ ఆగిపోతే జేబులోని సెల్‌ఫోన్‌ను ఆశ్రయించటం దేశమంతటా అలవాటుగా మారింది. ఫోన్‌లోని హాట్‌స్పాట్‌ను తెరిచి, కంప్యూటర్‌ను దానికి జతపరచి, తీగ బాగయ్యేవరకు నెట్టుకురావటం పల్లెటూరి కుటుంబాలకు సైతం ఇప్పుడు కొత్త కాదు. అయితే బంగాళాఖాతం నడుమ, ప్రధాన భూభాగానికి సుమారు 1200 కిలోమీటర్ల దూరాన ఉన్న అండమాన్‌ నికోబార్‌ దీవులలో ఈ ఉపాయం అన్ని వేళలా ఫలించదు. ఇంటి తీగ ద్వారా వచ్చే సమాచారం, సెల్‌ టవరు ద్వారా వచ్చే సమాచారం కూడా చివరకు సముద్రగర్భంలోని ఒకే కేబుల్‌ మీదుగా రావలసి ఉండటమే ఇందుకు కారణం.

చెన్నై నుంచి దీవులకు వేసిన ఈ కేబుల్‌ను ప్రధాని నరేంద్ర మోదీ 2020 ఆగస్టు 10న వీడియో కాన్ఫరెన్స్‌ ద్వారా ప్రారంభించారు. అంతకుముందు 2018 డిసెంబరు 30న ఆయనే దీనికి శంకుస్థాపన చేశారు. నాడు పోర్ట్‌బ్లెయిర్‌గా ఉన్న దీవుల రాజధాని పేరును కేంద్రం 2024 సెప్టెంబరులో శ్రీవిజయపురంగా మార్చిన సంగతి విదితమే. సుమారు 2300 కిలోమీటర్ల పొడవున సాగిన ఈ కేబుల్‌కు రూ. 1,224 కోట్లు ఖర్చయింది. ఈ మొత్తాన్ని సార్వత్రిక సేవా నిధి నుంచి సమకూర్చగా, పనిని బి.ఎస్‌.ఎన్‌.ఎల్‌. చేపట్టింది. రాజధానితో పాటు స్వరాజ్‌ ద్వీప్‌ (పూర్వపు హేవ్‌లాక్‌), లాంగ్‌ ఐలాండ్‌, రంగత్‌, లిటిల్‌ అండమాన్‌, కార్‌ నికోబార్‌, కమోర్టా, గ్రేట్‌ నికోబార్‌లకు కేబుల్‌ చేరింది. చెన్నై, రాజధానుల మధ్య సెకనుకు 200 గిగాబిట్ల చొప్పున రెండు మార్గాలు, అక్కడి నుంచి మిగిలిన దీవులకు 100 గిగాబిట్ల చొప్పున రెండు మార్గాలు దీని సామర్థ్యం.

కేబుల్‌ రాకముందు దీవులవాసులకు ఉపగ్రహమే దిక్కు. దీవులన్నిటికీ కలిపి ఉపగ్రహం అందించిన సామర్థ్యం కొద్ది గిగాబిట్లకే పరిమితం. ప్రధాన భూభాగంలో ఒక మోస్తరు పట్టణం ఖర్చు చేసేదానిని ఇక్కడ మొత్తం కేంద్రపాలిత ప్రాంతం పంచుకోవలసి వచ్చేది. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్‌ 2014 జూలైలోనే దీవుల టెలికాం సేవల మెరుగుదలకు సిఫారసులు చేసింది. కేంద్ర మంత్రివర్గం 2016 సెప్టెంబరులో ఆమోదించింది. కాగా, కేబుల్‌ ప్రారంభమైన రోజునే దాని ఆధారంగా 4జి సేవలను మొదలుపెట్టినట్లు ఎయిర్‌టెల్‌ ప్రకటించింది. కరోనా కారణంగా బడులు మూతపడి, పాఠాలు తెరమీదికి మారిన సంవత్సరమది. ఉపగ్రహపు సన్నని దారిలో ఆన్‌లైన్‌ పాఠం వినటం ఎంత కష్టమో దీవులలోని విద్యార్థులకు తెలిసినంతగా మరెవరికీ తెలియదు.

ఇంత మేలు చేసిన కేబులే ఇప్పుడొక కొత్త చిక్కును కూడా తెచ్చిపెట్టింది. పూర్వం ఇంటర్నెట్‌ నెమ్మదిగా ఉండేది కనుక జనం దాని మీద అంతగా ఆధారపడలేదు. నేడు ఓడ, విమాన ప్రయాణాలు, హోటల్‌ గదులు, బ్యాంకు చెల్లింపులు, కాలేజీ ప్రవేశాలు, వైద్యుల సలహాలు అన్నీ దానితోనే ముడిపడ్డాయి. అది ఒక్క రోజు ఆగితే కలిగే నష్టం పదేళ్ల క్రితం వారం రోజులు ఆగినా కలిగేది కాదు.

అంతరాయాలన్నీ ఒకే రకానివి కావు. దీవులలో మొబైల్‌ డేటాను పొదుపుగా వాడుకోవాలంటే, ముందుగా తీగ ఎక్కడ తెగిందన్నది తెలియాలి. ఇంటి గోడకు ఉన్న ఫైబర్‌ పెట్టె దీనికి కొంత ఆధారం చూపుతుంది. ఆ పెట్టె మీద ఎల్‌.ఓ.ఎస్‌. అని రాసి ఉన్న చోట ఎర్ర దీపం మిణుకుమిణుకుమంటుంటే, ఎక్స్ఛేంజి నుంచి రావలసిన కాంతి ఇంటిదాకా చేరటం లేదని అర్థం. చెట్టుకొమ్మ విరిగి పడటమో, రోడ్డు తవ్వకంలో తీగ తెగటమో జరిగి ఉండవచ్చు. అటువంటప్పుడు సెల్‌ఫోన్‌ డేటా మామూలుగానే పనిచేస్తుంది. హాట్‌స్పాట్‌తో పని గడుస్తుంది. ఎర్ర దీపం లేకుండా, మిగిలిన దీపాలు సక్రమంగా వెలుగుతూ కూడా ఇంటర్నెట్‌ రాక, అదే సమయంలో సెల్‌ఫోన్‌లోనూ ఏదీ తెరుచుకోకపోతే లోపం దూరాన ఉన్నట్లే. దీవుల మధ్యనో, చెన్నై దారిలోనో ఆటంకం ఏర్పడినప్పుడు ఇంటి పెట్టెను ఎన్నిసార్లు ఆపి వేసినా ప్రయోజనం ఉండదు.

రెండు కంపెనీల సిమ్‌ కార్డులు దగ్గర ఉంచుకుంటే చాలునన్న భరోసా కూడా దీవులలో సగమే నిజం. ఒక కంపెనీ టవరు పడిపోయినప్పుడు మరొక కంపెనీ టవరు ఆదుకోవచ్చు. కానీ టవర్లు వేరైనా, అవి సముద్రం దాటవలసిన దారి వేరు కాదు. ప్రధాన భూభాగంలో ఒక కేబుల్‌ తెగితే కంపెనీలు తమ సమాచారాన్ని మరో ఊరి మీదుగా మళ్లిస్తాయి. దీవులకు అలా మళ్లించటానికి మరో ఊరు లేదు.

మూడో రకం అంతరాయం కరెంటుకు సంబంధించినది. దీవులన్నిటినీ కలిపే విద్యుత్‌ గ్రిడ్‌ లేదు. ఎక్కడికక్కడ ప్రధానంగా డీజిల్‌ జనరేటర్ల మీద విద్యుదుత్పత్తి సాగుతోంది. కరెంటు పోగానే ఇంటి ఫైబర్‌ పెట్టె ఆరిపోతుంది గనుక ఇంటర్నెట్‌ పోయిందనుకుని చాలామంది సెల్‌ డేటాను ఖర్చు చేయటం మొదలుపెడతారు. నిజానికి ఎక్స్ఛేంజి నుంచి ఇంటివరకు ఉండే ఫైబర్‌ తీగకు మధ్యలో విద్యుత్తు అవసరం లేదు. ఎక్స్ఛేంజిలో జనరేటర్‌ నడుస్తున్నంతసేపు కాంతి వస్తూనే ఉంటుంది. ఇంటి పెట్టెకు మాత్రం కరెంటు కావాలి. ఇందుకు 12 వోల్టుల చిన్న బ్యాటరీ పెట్టె ఒకటి అమర్చుకుంటే, కరెంటు లేని రెండు మూడు గంటలూ ఇంటర్నెట్‌ ఆగదు. పెద్ద ఇన్వర్టర్‌ కొనే స్తోమత లేని ఇళ్లకు ఇది అందుబాటులో ఉన్న మార్గం. సెల్‌ టవరుకు కూడా బ్యాటరీలే ఆధారం కావటంతో, కరెంటు ఎక్కువసేపు పోతే మొదట మూగబోయేది అదే కావచ్చు.

ఇక డేటా లెక్కకు వస్తే, ఇంటి ఇంటర్నెట్‌కూ సెల్‌ డేటాకూ పోలిక లేదు. దేశంలో ఒక్కో మొబైల్‌ డేటా వినియోగదారుని సగటు వాడకం 2024 నాటికి నెలకు 20 జీబీ దాటినట్లు ట్రాయ్‌ గణాంకాలు తెలుపుతున్నాయి. ఇది ఒక మనిషి ఫోన్‌ లెక్క. నలుగురున్న ఇంటి అవసరాలన్నీ ఒక్క ఫోన్‌ మీద పడితే రోజుకు ఒకటిన్నర, రెండు జీబీల పథకం మధ్యాహ్నానికే అడుగంటుతుంది. సినిమాను మేలైన నాణ్యతతో చూస్తే గంటకు 3 జీబీ వరకు ఖర్చు కాగా, సాధారణ నాణ్యతకు తగ్గిస్తే ముప్పాతిక జీబీతో సరిపోతుంది. ముఖాలు చూసుకుంటూ జరిగే సామూహిక పాఠానికి గంటకు సుమారు ఒక జీబీ పడుతుంది. అదే పాఠాన్ని బొమ్మ ఆపి మాట మాత్రమే వింటే కొద్ది పదుల ఎంబీలలో ముగుస్తుంది.

చాలామందికి తెలియకుండా డేటాను మింగేది వారు చూసే బొమ్మలు కావు, వారు చూడని పనులు. హాట్‌స్పాట్‌కు జతపరచిన కంప్యూటర్‌ తనకు ఇంటి వైఫై దొరికిందనే భావిస్తుంది. అప్పటివరకు వాయిదా పడిన సాఫ్ట్‌వేర్‌ మార్పులను వందల ఎంబీల మేరకు దించుకోవటం మొదలుపెడుతుంది. పక్కనున్న మరో ఫోన్‌ ఆల్బంలోని ఫొటోలన్నిటినీ నిల్వకు పంపుతుంది. కంప్యూటర్‌లో ఆ కనెక్షన్‌ను ‘మీటర్డ్‌’గా గుర్తు పెట్టటం, ఫోన్‌లో డేటా సేవర్‌ను నొక్కి ఉంచటం అనే రెండు చిన్న పనులతో ఈ దుబారా చాలావరకు ఆగుతుంది. ఇవి తీగ తెగాక కాక, తెగకముందే చేసి ఉంచుకోవలసినవి.

రోజువారీ కోటా అయిపోయిన తరువాత సాధారణంగా వేగం 64 కిలోబిట్లకు పడిపోతుంది. అంటే సెకనుకు 8 కిలోబైట్లు. ఈ వేగంతో 4 ఎంబీల ఫొటో ఒకటి పంపటానికి ఎనిమిది నిమిషాలకు పైగా పడుతుంది. అక్షరాలతో కూడిన నాలుగు వాక్యాల సందేశం మాత్రం క్షణాలలో వెళుతుంది. వైద్యుడికి పరీక్ష నివేదికను ఫొటో తీసి పంపే బదులు అందులోని అంకెలను టైపు చేసి పంపటం, హాల్‌ టికెట్‌ను గడువు రోజున కాక వచ్చిన రోజునే దించుకుని కాగితం మీద అచ్చు వేయించుకోవటం దీవులలో ఇంగితమే గాని అతి జాగ్రత్త కాదు.

కేబుల్‌ పూర్తిగా తెగి, మళ్లీ ఉపగ్రహమే మిగిలినప్పుడు ఈ పొదుపు ఒక్కొక్కరి సొంత విషయంగా ఉండదు. 400 గిగాబిట్ల దారి స్థానంలో కొద్ది గిగాబిట్ల దారి వస్తే, వందమంది నడిచే రోడ్డు మీద ఒక్కరిద్దరికే చోటు దొరికినట్లవుతుంది. పైగా భూమికి దాదాపు 36 వేల కిలోమీటర్ల ఎత్తున ఉండే ఉపగ్రహానికి మాట వెళ్లి, బదులు తిరిగి రావటానికి అర సెకను పైగా జాప్యం తప్పదు. ఒకరి ఇంట్లో సాగే సినిమా మరొకరి ఆసుపత్రి కబురును అడ్డగించగలదు. ఎవరికి ముందు, ఎవరికి వెనుక అన్నది వినియోగదారుల మంచితనానికి విడిచిపెట్టే విషయం కాదు. టెలికాం సంస్థలు, పాలనా యంత్రాంగం ముందుగానే నిర్ణయించి ప్రజలకు తెలియజేయవలసినది.

డబ్బు వ్యవహారం మరింత సున్నితమైనది. ఫోన్‌ ద్వారా చెల్లింపులకు అలవాటుపడిన కిరాణా కొట్టులో ఇంటర్నెట్‌ లేని రోజున బేరం ఆగిపోతుంది. డేటా లేకున్నా సాధారణ ఫోన్‌ నుంచి స్టార్‌ 99 హాష్‌ నొక్కి బ్యాంకు ఖాతా నుంచి ఒక్కోసారి రూ. 5 వేల వరకు పంపే సదుపాయం 2014 నుంచీ అందరికీ అందుబాటులో ఉంది. మామూలు ఫోన్ల కోసం 2022 మార్చిలో రిజర్వు బ్యాంకు ‘యు.పి.ఐ. 123 పే’ సేవను ప్రారంభించింది. వీటికి ఇంటర్నెట్‌ అక్కరలేదు గాని సెల్‌ సిగ్నల్‌ కావాలి. అవి మోసే సమాచారం అతి స్వల్పం గనుక సన్నని ఉపగ్రహ మార్గానికి కూడా భారం కాదు. అయినప్పటికీ దీవులలోని కుటుంబాలు వారం ఖర్చుకు సరిపడా నగదును ఇంట్లో ఉంచుకోవటమే శ్రేయస్కరం.

కేబుల్‌ తీరం చేరిన ఊళ్ల సంగతి ఇలా ఉండగా, చేరని ఊళ్ల సంగతి వేరు. దీవులు, రాతి తిప్పలు అన్నీ కలిపి 836 ఉండగా, జనావాసం ఉన్నవి ముప్పైకి పైగా. కేబుల్‌ చేరిన ఎనిమిది చోట్లలో ఉత్తరాన ఉన్న మాయాబందర్‌, డిగ్లీపూర్‌ లేవు. నికోబార్‌ సమూహంలో కచాల్‌, తెరెస్సా, చౌరా లేవు. ఈ భూభాగంలో 80 శాతానికి పైగా అడవే. రాజధాని నుంచి ఉత్తరానికి పోయే ట్రంక్‌ రోడ్డు జారవా గిరిజనుల రక్షిత ప్రాంతం గుండా వెళుతుంది. అక్కడ వాహనాలను నిర్ణీత వేళలలో, కాన్వాయ్‌గా మాత్రమే అనుమతిస్తారు. మైదానంలోని మండల కేంద్రం నుంచి మోటారు సైకిల్‌ మీద లైన్‌మన్‌ వచ్చి వెళ్లినంత తేలికగా ఇక్కడ మరమ్మతు జరగదు. చిన్న దీవులకైతే మనిషి, సామగ్రి కూడా పడవ కోసం ఎదురు చూడవలసిందే.

ఈ వ్యవహారం తెలుగువారికి పరాయిది కాదు. 2011 జనాభా లెక్కల ప్రకారం దీవుల జనాభా 3,80,581 కాగా, వారిలో 13 శాతానికి పైగా, అంటే సుమారు 50 వేల మంది మాతృభాష తెలుగు. బెంగాలీ, హిందీ, తమిళం తరువాతి స్థానం తెలుగుదే. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి చేపల వేటకు, కూలి పనులకు వచ్చి స్థిరపడిన కుటుంబాలు వీరిలో అధికం. రాజధానిలోని జంగ్లీఘాట్‌ మత్స్యకారుల వాడలో తెలుగు మాట వినిపిస్తుంది. విశాఖ నుంచి ఓడలో రావాలంటే రెండు రాత్రులకు పైగా సముద్రం మీద గడపాలి. అటువంటి వారికి సొంత ఊళ్లోని తల్లిదండ్రుల యోగక్షేమాలు తెలిసేది ఫోన్‌ తెర మీదనే. తుపాను వేళ ఆ తెర రెండు వైపులా చీకటి కావటం కూడా వారు ఎరిగినదే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్‌ తుపాను విశాఖను తాకినప్పుడు కరెంటు, సెల్‌ఫోన్లు రోజుల తరబడి మూగబోయాయి. 2018 అక్టోబరులో తిత్లీ శ్రీకాకుళం జిల్లాను అదే విధంగా వణికించింది.

దీవులు పూర్తిగా మూగబోయిన ఘటన ఒకటి ఉంది. 2004 డిసెంబరు 26న సునామీ నికోబార్‌ దీవులను ముంచెత్తినప్పుడు టెలిఫోన్‌ వ్యవస్థ కుప్పకూలింది. ఆ సమయానికి హైదరాబాద్‌ కేంద్రంగా పనిచేసే జాతీయ ఔత్సాహిక రేడియో సంస్థకు చెందిన బృందం భారతి ప్రసాద్‌ నాయకత్వంలో పోర్ట్‌బ్లెయిర్‌లో ఉంది. ప్రపంచంలోని హామ్‌ రేడియో అభిరుచిపరులతో మాట్లాడేందుకు ప్రత్యేక అనుమతితో వచ్చిన ఆ బృందం అదే పరికరాలతో దీవుల క్షేమ సమాచారాన్ని ప్రధాన భూభాగానికి చేరవేసింది. కేబుల్‌, టవరు, ఎక్స్ఛేంజి ఏదీ అవసరం లేని రేడియో అది. హామ్‌ రేడియోను నేర్చినవారు ప్రతి పెద్ద దీవిలో నలుగురైనా ఉండటం 4జి, 5జిల కాలంలో కూడా అనవసరం కాదు.

ఒంటి తీగ మీద బతికే దీవులు ప్రపంచంలో మరికొన్ని ఉన్నాయి. పసిఫిక్‌లోని టోంగాలో 2022 జనవరి 15న సముద్రగర్భ అగ్నిపర్వతం బద్దలై కేబుల్‌ను ముక్కలు చేసింది. ఫిజీతో కలిపే ఆ కేబుల్‌ బాగుపడటానికి ఐదు వారాలు పట్టింది. దేశం లోపలి దీవులను కలిపే కేబుల్‌కు ఏడాదికి పైగా పట్టింది. తైవాన్‌ అధీనంలోని మాట్సు దీవులలో 2023 ఫిబ్రవరిలో ఆరు రోజుల తేడాతో రెండు కేబుళ్లూ తెగాయి. అక్కడి 14 వేల మంది జనాభా మార్చి నెలాఖరు వరకు పరిమితమైన మైక్రోవేవ్‌ రేడియో మార్గంతో సరిపెట్టుకోవలసి వచ్చింది. రెండు కేబుళ్లున్న చోటనే ఈ దుస్థితి ఎదురైందన్నది ఇక్కడ గమనార్హం.

సముద్రగర్భ కేబుళ్లకు ప్రపంచవ్యాప్తంగా ఏటా 150 నుంచి 200 వరకు లోపాలు సంభవిస్తాయని అంతర్జాతీయ కేబుల్‌ రక్షణ కమిటీ అంచనా. వీటిలో అత్యధిక భాగానికి కారణం భూకంపాలు కావు. లోతు తక్కువ నీళ్లలో చేపల వలలు, ఓడల లంగర్లు. లోపం ఎక్కడుందో తీరం నుంచి కాంతిని పంపి కొలవవచ్చు. కానీ ఆ చోటికి ప్రత్యేక ఓడ వెళ్లి, తెగిన కొనలను కొక్కేలతో పైకి లాగి, మధ్యలో కొత్త ముక్క చేర్చి, వెంట్రుకవంటి గాజు పోగులను ఒక్కొక్కటిగా అతికి, తిరిగి సముద్రంలోకి వదలాలి. ఇందుకు సముద్రం శాంతంగా ఉండాలి. నైరుతి, ఈశాన్య రుతుపవనాలు రెండూ తాకే అండమాన్‌ సముద్రంలో అటువంటి రోజులు ఏడాదిలో కొన్ని నెలలే.

ఆ ఓడ కూడా మన చేతిలో లేదు. భారత పతాకంతో నడిచే కేబుల్‌ మరమ్మతు ఓడ ఒక్కటీ లేదని, విదేశీ ఓడలే గతి అవుతున్నాయని ట్రాయ్‌ 2023 జూన్‌లో కేంద్రానికి చేసిన సిఫారసులలో పేర్కొంది. దీవుల వరకు ఇది కేబుల్‌ అంత ముఖ్యమైన విషయం. 2024 జనవరి 3న కొచ్చి నుంచి లక్షద్వీప్‌కు కూడా కేబుల్‌ ప్రారంభం కావటంతో, ప్రధాన భూభాగంతో సముద్రపు తీగ మీద ముడిపడిన కేంద్రపాలిత ప్రాంతాలు రెండయ్యాయి.

ఉపగ్రహాల వైపు నుంచి కొంత ఆశ లేకపోలేదు. 2024 నవంబరులో అమెరికా నుంచి ప్రయోగించిన జీశాట్‌-ఎన్‌2 ఉపగ్రహం అండమాన్‌, లక్షద్వీప్‌లతో సహా దేశమంతటా సేవలందించేలా రూపొందింది. తక్కువ ఎత్తులో తిరిగే ఉపగ్రహాల ద్వారా ఇంటర్నెట్‌ అందించే స్టార్‌లింక్‌కు కేంద్ర టెలికాం శాఖ 2025 జూన్‌లో లైసెన్సు ఇచ్చింది. అయితే జీశాట్‌-ఎన్‌2 మొత్తం సామర్థ్యం 48 గిగాబిట్లు. దేశమంతటికీ ఉద్దేశించిన ఆ మొత్తాన్ని ఒక్క అండమాన్‌కే ఇచ్చినా, చెన్నై నుంచి వచ్చే కేబుల్‌ సామర్థ్యంలో అది ఎనిమిదో వంతే అవుతుంది.